షిఫ్టర్ భాగాలకు ఏ పూత సరైనది?

ప్రశ్న: నా దగ్గర 1969 నాటి షెవర్లే కమారో ఉంది. దానికి నాలుగు గేర్ల మన్సీ గేర్‌బాక్సు, హర్స్ట్ కంపెనీ వారి ఫ్లోర్ షిఫ్టర్ (నేల మీద నుంచి గేర్లు మార్చే పరికరం) ఉన్నాయి. పునరుద్ధరణలో భాగంగా షిఫ్టర్‌ను పూర్తిగా విప్పి, లివరు, యంత్రాంగం, షిఫ్టర్‌ను గేర్‌బాక్సుకు కలిపే మూడు లింకేజీ రాడ్లు, స్ప్రింగులు, క్లిప్పులు, బోల్టులు అన్నీ ఒక పెట్టెలో పెట్టాను. అన్నిటికీ పసుపు జింక్ పూత వేయించమని ఒక మిత్రుడు, లివరు తప్ప అన్నీ నల్లగానే ఉండేవని మరొక మిత్రుడు చెబుతున్నారు. మొత్తం ఒకే విడతలో ఇస్తే ఖర్చు తగ్గుతుందని లోహపు పూతలు వేసే ప్లేటింగ్ షాపు వారు అంటున్నారు. కారును పోటీ ప్రదర్శనలో పెట్టాలన్నది నా కోరిక. ఫ్యాక్టరీలో ఏ భాగానికి ఏ పూత ఉండేదో చెప్పగలరా? భాగాలను ఇంకా శుభ్రం చేయలేదు.

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చినది చివరి వాక్యం. భాగాలను ఇంకా శుభ్రం చేయలేదన్నారు కాబట్టి మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ పెట్టెలోనే ఉంది. ఈ సలహా కోరేవారిలో ఎక్కువమంది భాగాలన్నిటినీ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక వంటి రేణువులను కొట్టి శుభ్రం చేయడం) చేయించి, తెల్లగా తేలిన ఉక్కు ముక్కలను బల్ల మీద పరిచిన తరువాత అడుగుతారు. అప్పటికి సాక్ష్యమంతా బ్లాస్టింగ్ పెట్టె అడుగున దుమ్ముగా మిగిలి ఉంటుంది.

మీ మిత్రులిద్దరి మాటలూ వేరైనా పొరపాటు ఒక్కటే. లివరు మాట అటుంచితే, షిఫ్టర్ ఒకే వస్తువు కనుక దానికి ఒకే పూత ఉండి ఉంటుందని ఇద్దరూ అనుకుంటున్నారు. నిజానికి అది వేర్వేరు చోట్ల తయారై ఒకచోట చేరిన ముక్కల కూర్పు. ఆ కాలపు కార్ల తయారీదారుకు పూత అనేది ముందుగా ఖర్చు లెక్క, ఆ తరువాతే అందం. డ్రైవరు కంటికి కనిపించే, చేతికి తగిలే లివరుకు మెరుగైన క్రోమ్ వేస్తారు. నేల రేకు కింద ఉండే రాడ్లు, మీటలు, బ్రాకెట్లు కారు కొనుగోలుదారు చేతికి చేరేవరకు తుప్పు పట్టకుండా ఉంటే చాలునన్నది వారి లెక్క. ఒకదానిపై ఒకటి జారే పలకలకు తుప్పు కంటే ఒరిపిడి ముఖ్యం. బోల్టులు, నట్లు, వాషర్లు విడిగా ఫాస్ట్‌నర్ తయారీదారుల దగ్గర నుంచి టోకున వస్తాయి కనుక వాటి పూతను షిఫ్టర్ తయారీదారు ప్రత్యేకంగా ఎంచుకొని ఉండకపోవచ్చు. ఒకే బోల్టు ఒకే ఏడాదిలో ఒక విడతలో జింక్‌తోను, మరొక విడతలో ఫాస్ఫేట్ అనే ముదురు రసాయన పూతతోను రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. అందువల్ల ఫలానా భాగానికి ఫలానా పూత తప్ప మరొకటి ఉండనే ఉండదని ఎవరైనా గట్టిగా చెబితే, అతడు చూసిన కారు ఒక్కటే కావచ్చునని నేను అనుకుంటాను.

ముందుగా ఒక విషయం తేల్చుకోండి. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1967, 1968 కమారోల్లో నాలుగు గేర్లకు తన సొంత షిఫ్టర్‌ను వాడి, 1969లో హర్స్ట్ షిఫ్టర్‌కు మారింది. కాబట్టి తొలి రెండేళ్ల కార్ల గురించి రాసిన పూతల జాబితా మీ కారుకు పనికిరాదు. అంతేకాక హర్స్ట్ తన షిఫ్టర్లను దుకాణాల్లో విడిగా కూడా అమ్మేది. వాటిని కొని, కొత్త కారులోనే ఫ్యాక్టరీ షిఫ్టర్‌ను తీసి బిగించుకున్నవారు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. దుకాణపు షిఫ్టర్ కొనుగోలుదారును ఆకట్టుకోవాలి, ఫ్యాక్టరీకి సరఫరా అయిన షిఫ్టర్ ధరను తగ్గించుకోవాలి, కనుక రెండింటి పైమెరుగు ఒకటే కానవసరం లేదు. మీ పెట్టెలో ఉన్నది ఏదో తెలియకుండా పూతల గురించి వాదించడం వృథా. లివరు ఆకారం, అది యంత్రాంగానికి బిగిసే తీరు, దాని మీది అచ్చులు, రాడ్ల వంపులు వీటిని పునరుద్ధరణ జరగని మరో 1969 కారుతో పక్కపక్కన పోల్చి చూడండి.

ఇక సాక్ష్యం చదవడం. జిడ్డును కిరోసిన్ వంటి ద్రావకంలో నానబెట్టి, మెత్తని కుంచెతో మాత్రమే తొలగించండి. తీగల బ్రష్షును, గరుకు కాగితాన్ని, తుప్పు తీసే ఆమ్లాన్ని ఈ దశలో దగ్గరికి రానివ్వకండి. ప్రతి భాగాన్ని నీడపట్టున, పగటి వెలుగులో ఫొటో తీయండి, ఎందుకంటే పసుపు విద్యుద్దీపం కింద తెల్ల జింక్ కూడా బంగారు రంగులో కనిపించి మోసం చేస్తుంది. తరువాత గాలి, నీరు చేరని చోట్లు వెతకండి. వాషర్ కింద ఉండిపోయిన గుండ్రని అచ్చు, బుషింగ్ (రాడ్డు కొస అరగకుండా రంధ్రంలో ఉంచే చిన్న గొట్టం) కూర్చున్న రంధ్రం లోపలి గోడ, బోల్టు మర చుట్ల లోతు, క్లిప్పు పట్టిన గాడి, రబ్బరు బూటు అంచు కింది వలయం, రెండు పలకలు ఒకదానికొకటి అంటుకుపోయిన ముఖాలు. యాభై ఏళ్ల తుప్పు కింద బయటి ముఖం ఏమీ చెప్పకపోయినా, వాషర్ కింద బొటనవేలి గోరంత మేర అసలు పూత మిగిలి ఉండటం నేను చాలాసార్లు చూశాను. అది కూడా మొదటి పూతేనా, మధ్యలో ఎవరో వేయించినదా అని అడగవలసిందే. తుప్పు తిన్న గుంతల లోపలికి కూడా పూత దిగి ఉంటే అది తరువాత వేసినదే.

కనిపించిన పూత ఏమిటో పోల్చుకోవడానికి కొన్ని గుర్తులు చెబుతాను. జింక్ పూత మీద రంగులేని క్రోమేట్ (జింక్‌ను కాపాడే పలుచని రసాయన పొర) ఉంటే లేత నీలి ఛాయ గల వెండి రంగులో ఉంటుంది. పసుపు క్రోమేట్ ఉంటే బంగారు రంగులో ఎరుపు, ఆకుపచ్చ తళుకులు కదులుతాయి. జింక్ చెడిపోయినప్పుడు ఉబ్బిన తెల్లని పొడి పుడుతుంది. కాడ్మియం అనే లోహపు పూత కూడా వెండి రంగే అయినా దాని మెరుపు మెత్తగా, కొంచెం పాలిపోయినట్టు ఉంటుంది, దాని మీదా పసుపు క్రోమేట్ వేసేవారు. కంటితో ఈ రెండింటినీ వేరు చేయగలనని చెప్పేవారిని నేను పూర్తిగా నమ్మను, పాతబడిన పూతల విషయంలో నా కంటినీ నమ్మను. పాత లోహం కొనే పెద్ద దుకాణాల్లోను, పరీక్షశాలల్లోను ఉండే చేతి ఎక్స్‌రే పరికరం కొన్ని క్షణాల్లో ఏ లోహమో చూపిస్తుంది, భాగానికి గీత కూడా పడదు. ఖరీదైన కారుకు ఆ పరీక్ష దండగ కాదు.

ముదురు రంగు పూతల దగ్గరే ఎక్కువ గందరగోళం జరుగుతుంది. మీ రెండో మిత్రుడు నలుపు అన్నది బహుశా మూడు వేర్వేరు వస్తువులకు ఒకే పేరు. జింక్ ఫాస్ఫేట్ బూడిద రంగులో, సన్నని స్ఫటికాలతో, గోరు ఆనిస్తే గరుకుగా ఉంటుంది. మాంగనీస్ ఫాస్ఫేట్ అంతకంటే ముదురుగా, నూనె పీల్చుకున్నాక దాదాపు నల్లగా కనిపిస్తుంది, ఒరిపిడి ఉండే భాగాలకు దీనిని ఎంచుకోవడం వాడుక. బ్లాక్ ఆక్సైడ్ ఉక్కు ఉపరితలాన్నే మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడుగా మారుస్తుంది. దాని మందం సుమారు ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు కనుక కింది లోహపు గీతలు, యంత్రపు గుర్తులు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఈ మూడింటికీ తమంతట తాముగా తుప్పును ఆపే శక్తి తక్కువ, అవి పట్టి ఉంచే నూనే అసలు రక్ష. ఇవి కాక నల్ల రంగు పెయింటు ఉంది, అది అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తుంది. వేడిచేసి సాగగొట్టిన లేదా గట్టిపరచిన మీటలకు సహజంగా పట్టే నీలి నలుపు పొలుసు కూడా ఉంది. అది ఏ తొట్టిలోనూ వేసిన పూత కాదు, కొలిమి వదిలిన గుర్తు. దానిని తుప్పనుకొని తీసివేయించి, తిరిగి నల్ల పెయింటు కొట్టించేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అసలే పూత లేకుండా, నూనె మాత్రమే రాసి బిగించిన ఉక్కు భాగాలు కూడా ఆ కాలపు కార్లలో ఉండేవి. అన్ని దాపు చోట్లా వెతికినా ఏ పూతా కనిపించకపోతే, లేకపోవడమే జవాబు అని ఒప్పుకొనే ధైర్యం ఉండాలి.

ఇప్పుడు అసలు మెలిక దగ్గరికి వద్దాం. చాలామంది సరైన పూతను ఎంచుకొని కూడా తప్పుడు ఫలితం పొందుతారు, కారణం పూత కింది ఉపరితలం. జింక్, కాడ్మియం, ఫాస్ఫేట్ ఏదీ లోహాన్ని చదును చేయదు, కింద ఏముందో దానినే పైకి చూపిస్తుంది. తొలి రోజుల్లో నేను ఒక జత లింకేజీ రాడ్లను ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి జింక్‌కు ఇచ్చాను. తిరిగి వచ్చినవి సిమెంటు పూసిన కడ్డీల్లా ఉన్నాయి. పూత సరైనదే, మందం సరైనదే, కానీ చల్లగా సాగదీసిన కడ్డీకి ఉండే నునుపు, పొడవునా సాగే సన్నని గీతలు పోయాయి. గాజు పూసల బ్లాస్టింగ్ కొంత మెత్తనిదే అయినా అది కూడా తనదైన పట్టు మెరుపును వదులుతుంది, ఆ మెరుపు ఫ్యాక్టరీది కాదు. రాడ్ల తుప్పును, దానిని బంధించి కరిగించే తటస్థ ద్రావణంలో తీసి, తరువాత సన్నని గరుకు కాగితంతో కడ్డీ పొడవు వెంట మాత్రమే రుద్దండి. అయితే ఆ ద్రావణం ఇనుప ఆక్సైడును కరిగిస్తుంది, బ్లాక్ ఆక్సైడ్ కూడా ఇనుప ఆక్సైడే కనుక మిగిలిన నల్ల పూతను నిలుపుకోవాలనుకున్న భాగాన్ని అందులో వేయకండి.

రేకు నుంచి కత్తిరించిన పలకలకు ఒక అంచు గుండ్రంగాను, ఎదురు అంచు పదునుగాను ఉంటాయి, అది ప్రెస్సు గుర్తు. దానిని ఆకురాయితో సరిచేయడం, వెల్డింగు చుక్కలను నునుపు చేయడం, భాగాల సంఖ్యలను అరిగిపోయేలా పాలిష్ చేయడం వల్ల వస్తువు కొత్తగా కనిపించవచ్చు గాని 1969లో తయారైనట్టు కనిపించదు. అనుభవం గల న్యాయనిర్ణేత పూత రంగు కంటే ముందు ఈ అంచులనే చూస్తాడు.

ప్లేటింగ్ షాపు వారితో మాట్లాడేటప్పుడు 'జింక్ వేయండి' అని మాత్రమే చెబితే ఈ కాలపు జింక్ వస్తుంది. 1960ల్లో జింక్ తొట్లు ఎక్కువగా సయనైడు ద్రావణంతో నడిచేవి, వాటి పూత ఇప్పటి ఆమ్ల క్లోరైడు తొట్ల పూతంత అద్దంలా మెరిసేది కాదు. మెరుపు కోసం కలిపే రసాయనం తక్కువగా ఉన్న తొట్టి, లేదా క్షార జింక్ తొట్టి ఉందేమో అడగండి. పసుపు క్రోమేట్ విషయంలో మరొక మార్పు వచ్చింది. పాత బంగారు తళుకు ఆరు సంయోజకత గల క్రోమియంది. అది క్యాన్సర్ కారకం కావడంతో ఐరోపా సమాఖ్య కొత్త కార్లలో దానిని 2007 నుంచి నిషేధించింది, మిగతా చోట్లా చాలా షాపులు మూడు సంయోజకత గల క్రోమియానికి మారాయి. ఈ కొత్త రకం సహజంగా నీలి వెండి రంగులో ఉంటుంది కాబట్టి పసుపు కావాలంటే రంగు కలుపుతారు. అది ఏకరీతి పసుపుగా, తళుకు లేకుండా వస్తుంది. మీ భాగాల దాపు చోట్ల పసుపు కనిపిస్తేనే ఆ వేట మొదలుపెట్టండి, కనిపించకపోతే మొదటి మిత్రుడి సలహాను మర్యాదగా పక్కన పెట్టండి. నా అనుభవంలో పునరుద్ధరించిన కార్లలో కనిపించే పసుపు జింక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

కాడ్మియం అని తేలితే ఆగి ఆలోచించండి. ఆ లోహం, దాని దుమ్ము, వేడిచేస్తే వచ్చే పొగ విషపూరితం. పాత కాడ్మియం భాగాన్ని గ్రైండింగ్ చేయకండి, బ్లాస్టింగ్ చేయకండి, గ్యాసు టార్చితో వేడిచేయకండి. ఇంటి తొట్టిలో కాడ్మియం వేసే ఆలోచన అసలే వద్దు. మెరుపు తగ్గించిన జింక్ మీద రంగులేని క్రోమేట్ వేయిస్తే అడుగు దూరం నుంచి తేడా పట్టడం కష్టం, ప్రదర్శనకు అది చాలునని నా అభిప్రాయం.

మందం గురించి కూడా షాపులో ముందే చెప్పాలి. లోపలి భాగాలకు 5 నుంచి 8 మైక్రాన్ల జింక్ సరిపోతుంది. బోల్టుల, రాడ్ల కొసల మర చుట్ల విషయంలో పూత రెండు వాలుల మీదా పడుతుంది కనుక మర పిచ్ వ్యాసం (వాలుల మధ్య ఎత్తులో కొలిచే వ్యాసం) పూత మందానికి సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. 12 మైక్రాన్లు వేయించిన రాడ్డు కొస మీద సర్దుబాటు ముక్క ఎందుకు ఎక్కడం లేదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. రెండు పలకలను మడిచి లేదా వెల్డింగు చేసి కలిపిన భాగాల సందుల్లో ద్రావణం ఇరుక్కొని, వారాల తరువాత తెల్లటి లేదా గోధుమ రంగు మరకలుగా బయటికి కారుతుంది. అటువంటి వాటిని వేడి నీటిలో పలుమార్లు కడగమని ప్రత్యేకంగా అడగండి.

అన్నీ ఒకే విడతలో ఇవ్వమన్న సలహాను నేను పూర్తిగా తిరస్కరించడానికి కారణం స్ప్రింగులు, క్లిప్పులు. గట్టిపరచిన ఉక్కును ఆమ్లంలో ముంచినా, విద్యుత్తుతో ప్లేటింగ్ చేసినా హైడ్రోజన్ లోహం లోపలికి చొరబడుతుంది. మెత్తని ఉక్కుకు దానివల్ల నష్టం లేదు గాని గట్టి ఉక్కు పెళుసెక్కి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. విరిగినది రాడ్డును పట్టి ఉంచే క్లిప్పయితే కారు నడుస్తుండగా ఒక గేరు మీ చేతిలో ఉండదు. దీనికి విరుగుడు ఉంది. ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే భాగాన్ని 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో చాలా గంటలపాటు ఉంచి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. క్రోమేట్ పొర అంత వేడికి తట్టుకోదు కనుక అది ఈ పని ముగిశాకే వేయాలి. ఈ వరుస తెలియని షాపుకు స్ప్రింగులు ఇవ్వకండి. అసలు స్ప్రింగులను ప్లేటింగ్‌కు ఇవ్వకుండా, శుభ్రం చేసి నూనె రాసి తిరిగి వాడటమే నేను చేసే పని. క్లిప్పులు మాత్రం కొత్తవి కొనండి, పాతవాటిని నమూనాకు దాచుకోండి.

లివరు సంగతి వేరే పని, వేరే షాపు. పలుచని క్రోమ్ పొర కింద దానికంటే ఎన్నో రెట్లు మందమైన నికెల్ పొర ఉంటుంది, మెరుపంతా ఆ నికెల్‌ది, ఆ నీలి ఛాయ మాత్రమే క్రోమ్‌ది. ఇక్కడ ప్రమాదం పాలిష్ చక్రం దగ్గర ఉంది. లివరు మీద పేరు అచ్చు ఉంటే నాలుగు నిమిషాల అజాగ్రత్తతో దాని అంచులు కరిగిపోతాయి, తిరిగి రావు. అచ్చు చుట్టూ చేతితో మాత్రమే రుద్దమని రాసి, అచ్చు ఫొటోను జతచేసి ఇవ్వండి. ఉన్న క్రోమ్ గుంతలు పడకుండా, కేవలం మసకబారి ఉంటే దానిని అలాగే ఉంచమంటాను.

పూత లేదని తేలిన భాగాలకు పెయింటుతో ఉక్కు రంగు అనుకరించకండి, మూలల్లో చేరే మందం దానిని పట్టిస్తుంది. పలుచగా మైనం లేదా నూనె రాసి, ఏడాదికి రెండుసార్లు తుడిచి మళ్లీ రాయడం శ్రమే అయినా అదే నిజమైన రూపం. కారును వానలో నడిపే ఉద్దేశం ఉంటే మెరుపు లేని, రంగులేని లాకర్ (వార్నిష్ వంటి పూత) పలుచగా పట్టించడంలో తప్పు లేదు, ప్రదర్శనలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఈ వారం చేయవలసింది ఇంతే. పెట్టెలోని భాగాలను జిడ్డు మాత్రం తీసి, ఫొటోలు తీసి, కనిపించిన పూత ప్రకారం విడి సంచుల్లో వేయండి. ఒక్కొక్క సంచిలో భాగాల లెక్క కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ప్లేటింగ్ షాపు డ్రమ్ములో చిన్న వాషర్లు పోవడం మామూలే. పూతలన్నీ పూర్తయి తిరిగి బిగించేటప్పుడు మూడు మీటలను న్యూట్రల్‌లో పెట్టి, పావు అంగుళం పిన్నును యంత్రాంగం రంధ్రంలోకి దూర్చి, ఆ తరువాతే రాడ్ల పొడవు సర్దండి. కొత్త పూత మందం వల్ల బుషింగులు బిగుతుగా ఉంటే రాడ్డును సుత్తితో కొట్టి దించకుండా, రంధ్రం లోపలి పూతను మాత్రం సన్నని గరుకు కాగితంతో రెండు మూడు చుట్లు తీసి మళ్లీ ప్రయత్నించండి.